జూన్ 21 నీడ, జమైకా భోజనం

విద్యార్థులారా! జూన్ 21న సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ వరంగల్‌లో ఒక కర్రను నిటారుగా నిలిపి చూడండి. ఏడాదిలో ఎక్కువ కాలం ఉత్తరానికి పడే నీడ ఆ రోజు కొద్దిగా దక్షిణానికి పడుతుంది. సూర్యుడు 23.5 డిగ్రీల ఉత్తరాన, కర్కటరేఖపై ఉండగా, మీరు 18 డిగ్రీల వద్ద ఉండటమే ఇందుకు కారణం. జమైకా రాజధాని కింగ్‌స్టన్ కూడా దాదాపు ఇదే అక్షాంశంపై ఉంది. అక్కడా నీడ అంతే. పగలు కూడా అంతే, 13 గంటలకు పైగా.

ఆ సుదీర్ఘమైన పగటిపూట జమైకా మిత్రులు మిమ్మల్ని భోజనానికి పిలిచారనుకోండి. వడ్డించిన పళ్లెంలో ఏముంటుంది?

మొదటిది అకీ. ఈ పండు పశ్చిమ ఆఫ్రికాది. 18వ శతాబ్దంలో బానిసల ఓడల ద్వారా వచ్చింది. చెట్టుపై దానంతటది విచ్చుకోకముందే కోసి తింటే విషం! దాని జోడీ అయిన ఉప్పుచేప తోటల యజమానులు బానిసల కోసం ఉత్తర అట్లాంటిక్ తీరాల నుంచి తెప్పించిన చౌక తిండి. 1780లలో తుపానులు, కరువుల వల్ల వేలాది బానిసలు ఆకలితో మరణించారు. అందుకే 1793లో విలియం బ్లై అనే నౌకాధికారి తాహితి నుంచి సీమపనస మొక్కలు తెచ్చాడు.

1838లో బానిసత్వం పూర్తిగా ముగిసింది. తోటల్లో పనికి 1845 నుంచి భారతీయులను ఒప్పంద కూలీలుగా తరలించారు. 1917లో ఈ పద్ధతి ఆగేలోగా సుమారు 36 వేల మంది అక్కడికి చేరారు. వారి మసాలాతో వండిన మేకమాంసం కూర నేడు జమైకన్లందరి వేడుక వంటకం.

గమనించారా? ఇవన్నీ బలవంతంగానో, బతుకుతెరువు కోసమో సముద్రం దాటినవారి తిండి. వారి వారసులు నేడు వాటినే ప్రేమగా అతిథికి వడ్డిస్తున్నారు. మన ఆవకాయలోని మిరప కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినదే. అది మన వంటింటికి ఎలా చేరిందో మీరే వెతికి తెలుసుకోండి.