తెలుగు చదువరుల ప్రియగ్రంథములు – వాని రక్షణ చరిత్ర

గ్రంథకర్తల చరిత్రలు మనకు అనేకములు గలవు. చదువరుల చరిత్ర మాత్రము అరుదుగనే వ్రాయబడినది. కావ్యము తొలిపుటపై కవి పేరుండును, కృతిభర్త పేరుండును. ఆ కావ్యమును దీపపు వెలుతురున ప్రతి వ్రాసినవాని పేరుగాని, పదిమందికి చదివి వినిపించినవాని పేరుగాని, వానకు తడవకుండ అటుకపై భద్రపరచిన ఇల్లాలి పేరుగాని అందుండదు. ఐనను మన గ్రంథములు మనదాక వచ్చుట ఈ పేరులేనివారి ప్రేమవలననే.

రజతోత్సవమును పురస్కరించుకొని మన గ్రంథాలయ సభ్యులు తమతమకు మిక్కిలి ఇష్టమైన గ్రంథమేదియో పరస్పరము చెప్పుకొనుట ముదావహము. ఒకరు భాగవతమందురు, ఒకరు కన్యాశుల్కమందురు, వేరొకరు మాలపల్లి యందురు. వీనిలో నేది గొప్పదియని తీర్పు చెప్పుట ఈ వ్యాసమున కుద్దేశము గాదు. ఇదే ప్రశ్నకు మన పూర్వులు మాటలతో గాక చేతలతో నేమి సమాధానము చెప్పిరో విచారించుటయే ఉద్దేశము.

మొదటి సాక్ష్యము తాటియాకు. మన దేశపు వేడిమిలో దాని ఆయువు పరిమితము. చెదలు, పురుగు, తేమ – ఈ మూడును దానికి శత్రువులు. కొన్ని తరముల కొకసారి క్రొత్త ఆకులను సిద్ధపరచి, ఘంటముతో మరల వ్రాసి, అక్షరములు కనబడునట్లు మసి పూసిననే గ్రంథము నిలుచును. భారతమువంటి మహాగ్రంథమునకు నెలల తరబడి మెడ వంచవలెను. అందుచేతనే లేఖకులు ప్రతి చివర, ఈ గ్రంథమును నీటినుండి, నూనెనుండి, వదులుకట్టునుండి కాపాడవలసినదని చదువరిని వేడుకొనెడివారు. ఇంత శ్రమకు, వ్యయమునకు ఓర్చి యొక గ్రంథమును వ్రాయించుకొనిరనగా దానిపై వారికి గల మక్కువను వేరుగ నిరూపింప నక్కరలేదు. ప్రతి వ్రాయబడిన గ్రంథము బ్రతికినది. వ్రాయబడనిది పేరుగ మాత్రమే మిగిలినది, లేదా పేరైనను మిగులలేదు.

నన్నయభట్టు 11వ శతాబ్దమున రాజరాజనరేంద్రుని కొలువున ఆరంభించిన భారతము అరణ్యపర్వము మధ్య ఆగిపోయెను. 13వ శతాబ్దమున తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలు తుదివరకును రచించెను. మిగిలిన అరణ్యపర్వ శేషమును 14వ శతాబ్దమున ఎఱ్ఱన పూరించెను. నన్నయకును తిక్కనకును నడుమ రెండు వందల యేండ్లు గడచినవి. అసంపూర్ణమైన ఆ గ్రంథమును ఆ రెండు వందల యేండ్లును ఎవరో వ్రాసికొనుచు, చదువుకొనుచు నుండుటచేతనే తిక్కనకు అందుకొనుటకు కొస చిక్కినది. ఆ ఎవరో అన్నవారే మన చరిత్రకు నాయకులు.

మరియు చదువరియనగా అక్షరము వచ్చినవాడు మాత్రమే యని తలపరాదు. రచ్చబండకడను, గుడిమంటపమునను పురాణము చెప్పించుకొనుట మన పల్లెల ఆచారము. వానలు కురియని యేట విరాటపర్వము చదివించెడివారు. చదివెడివా డొక్కడు, వినువారు వందమంది. ఆ వందమందియు భారతమునకు చదువరులే. సంతకము చేయనేరని రైతు కీచకవధ కథను ఆద్యంతము చెప్పగలుగుట ఇందువలననే.

రెండవ సాక్ష్యము భాగవతము. పోతనామాత్యుని గ్రంథము భూస్థాపితమై కొంత శిథిలమయ్యెనని ఐతిహ్యము గలదు. ఐతిహ్యము నటుంచి గ్రంథమునే చూచినచో, పంచమ స్కంధము గంగన పేరను, షష్ఠ స్కంధము ఏర్చూరి సింగన పేరను, ఏకాదశ ద్వాదశ స్కంధములు వెలిగందల నారయ పేరను ఉన్నవి. లోపించినదానిని ప్రేమతో పూరించి, తమ పేళ్లు వేరుగ చెప్పుకొని, గ్రంథమునకు మాత్రము పోతన భాగవతమనియే కీర్తి రానిచ్చిరి. ఇక గజేంద్రమోక్షమును, ప్రహ్లాదచరిత్రను పిల్లలకు కంఠస్థము చేయించుట, పెండ్లి కావలసిన కన్యలచే రుక్మిణీకల్యాణము చదివించుట మొన్నమొన్నటివరకు ఇంటింటనుండెడి వాడుక. కంఠమందున్న గ్రంథమును చెదలు తినజాలదు.

మూడవ సాక్ష్యము వేమన పద్యములు. వీనికి రాజాస్థానము లేదు, కృతిభర్త లేడు. నోటినుండి నోటికి నడచినవి. 1817లో మదరాసుకు వచ్చి, 1820లో కడపలో ఉద్యోగమున చేరిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర వీనిని ప్రోగుచేయించి 1829లో 693 పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చువేయించెను. 1839లో మరింత పెంచి మరల ప్రకటించెను. ఒక్క గ్రంథమునకు లభించినన్ని ప్రతులు తెప్పించి, పండితులచే పాఠాంతరములు పోల్చి చూపించి, శుద్ధప్రతి వ్రాయించుట ఆయన పద్ధతి. జీతము చాలక అప్పు చేసియు ఈ పని సాగించెను. ఆయన పరిశ్రమ కొనియాడదగినదే. అయితే ఆయన ప్రోగుచేయుటకు పద్యములు మిగిలియుండుట ఎవరి పుణ్యము? పొలమున, సంతలో, బడిలో వానిని మాటకు మాటగ వాడుకొనిన సామాన్యులది కాదా?

అచ్చు వచ్చిన పిమ్మట రక్షణ స్వరూపము మారినది. 1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులుగారు మదరాసులో ముద్రాక్షరశాల స్థాపించిరి. తరువాతి కాలమున ఆ సంస్థ ప్రతులతో మన ప్రాచీన కావ్యములు సామాన్య గృహములకు చేరినవి. ఐనను అచ్చయినంత మాత్రమున గ్రంథము సురక్షితము కాదని రెండు నిదర్శనములు చెప్పుచున్నవి. తంజావూరున 18వ శతాబ్దమున ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును, ముందటి ముద్రణమున కొన్ని భాగములు విడిచిపెట్టబడుట గమనించి, సంగీత విదుషీమణి బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతి సంపాదించి, సరిచూచి, 1910లో వావిళ్లవారి ద్వారా సమగ్రముగ ప్రకటింపించిరి. ప్రభుత్వము దానిని నిషేధించెను. ప్రకాశము పంతులుగారు మదరాసు రాష్ట్ర ప్రధానిగ నుండిన 1946-47 నాటికిగాని ఆ నిషేధము తొలగలేదు. ఆ శృంగారకావ్యము అందరకును రుచింపవలెనను నియమము లేదు. కాని ఒక చదువరి తన కిష్టమైన గ్రంథమునకై ఎంతదూరము పోగలదో ఆమెవలన తెలియుచున్నది. అట్లే ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు కారాగారమున రచించిన మాలపల్లి 1922లో వెలువడి, రెండు పర్యాయములు నిషేధమునకు గురియై, 1937లో విముక్తమైనది. ఈ నడుమ జనులు దానిని మరచియుండినచో విముక్తివలన ప్రయోజన మేమి? మరువకుండుటయు రక్షణమే.

ఇక గ్రంథాలయోద్యమము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి చందాదారుల బలముచే చరిత్ర, శాస్త్ర గ్రంథములను ప్రకటించిరి. 1914లో అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికతో బెజవాడలో ప్రథమాంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగినది. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము స్థాపితమైనది. 1934లో సురవరము ప్రతాపరెడ్డిగారు, తెలంగాణమున కవులు లేరను మాటకు ప్రత్యుత్తరముగ 354 కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు జిల్లా కాలువలపై పడవలలో గ్రంథములను ఊరూర త్రిప్పిరి. పిమ్మట 1948లో మదరాసు రాష్ట్రమునను, 1955లో హైదరాబాదు రాష్ట్రమునను, 1960లో ఆంధ్రప్రదేశమునను గ్రంథాలయ శాసనములు వచ్చినవి. చట్టము తరువాతిది, చందా ముందుది. ప్రభుత్వముకంటె ముందు చదువరులే తమ యిష్టగ్రంథములకు ఇల్లు కట్టిరి.

ఈ చరిత్రనుండి మన గ్రంథాలయము నేర్వదగిన పాఠ మొకటి గలదు. పాడైన వస్తువును లెక్కనుండి కొట్టివేయుట జమాఖర్చులలో న్యాయమే. లెక్కలు వ్రాయుటే వృత్తిగా గల నేను దానిని కాదనను. కాని గ్రంథములయెడ ఈ న్యాయము విపరీతఫలము నిచ్చును. ఎక్కువమంది చదివిన గ్రంథమే ముందుగ చినుగును. అట్ట ఊడి, పుటలు రాలి, కొట్టివేత పట్టికలో చేరునది అదియే. ఎవరును తాకనిది మాత్రము బీరువాలో నవనవలాడుచు నుండును. ఇట్లే యింకొక యిరువదియైదేండ్లు గడచినచో ఊరివారు ప్రేమించిన గ్రంథములన్నియు పోయి, ప్రేమింపనివి మాత్రమే మిగులును. తాటియాకు శిథిలమైనపుడు మన పూర్వులు లెక్క తగ్గించుకొనలేదు. ముందు క్రొత్తప్రతి వ్రాయించుకొనిరి.

కావున కార్యవర్గమువారికి మూడు మనవులు. పలుమార్లు ఎరువు పోయిన గ్రంథమును, మరియొక ప్రతి కొననిదే, లేదా దానినే తిరిగి బైండు చేయింపనిదే కొట్టివేయరాదు. గ్రంథము లిచ్చి పుచ్చుకొను రిజిస్టరు నిండినంతనే చిత్తుకాగితములలో వేయరాదు. ఈ ఊరివా రేమి చదివిరో చెప్పు సాక్ష్యము అదియొక్కటే. మూడవది, గట్టి అట్టగల పుస్తక మొకటి ఉంచి, సభ్యులందరును తమ ప్రియగ్రంథము పేరును, అది యెందుకు ప్రియమో, దానిని తమకు తొలుత చెప్పినవా రెవరో నాలుగు పంక్తులలో వ్రాయునట్లు చేయవలెను. చదువురాని వృద్ధులు చెప్పినదానిని పిల్లలు వ్రాసిపెట్టవలెను.

నేడు చేతిలోని ఫోనుయందే వేలకొలది గ్రంథములు లభించుచుండగా ఈ శ్రమ యేలయని యువకు లడుగవచ్చును. గ్రంథములు వేలుగ లభించుట భాగ్యమే. ఐతే ఆ వేలలో దేనిని ముందు తెరువవలెనో, మన మెరిగిన మనిషి చెప్పినపుడు కలిగెడి నమ్మకము వేరు. పొరుగింటి తాత కన్నీరు తుడుచుకొనుచు చెప్పిన కథను మనుమడు వెదకికొని చదువును. భారతము వేయేండ్లు నడచివచ్చిన దారి అదియే.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి, నేడు మన పిల్లలు మెచ్చిన గ్రంథము లేవియో అప్పటివారికి తెలియుగాక! ఆ గ్రంథములు చినిగి చినిగి మరల మరల క్రొత్త యట్టలు తొడుగుకొనుచుండుగాక!