శోకసూచకంగా నల్లని వస్త్రం: ఐరోపాలో ఆచార పరిణామం

1. ఉపోద్ఘాతం:

మరణశోకానికి నలుపే సహజమైన రంగు అన్న భావన నేడు విస్తృతంగా కనిపిస్తుంది. అయితే చైనాలోనూ, భారతదేశంలోని అనేక ప్రాంతాలలోనూ శోకసూచకం తెలుపు. తెలుగునాట కొన్ని సామాజిక వర్గాలలో వితంతువులు తెల్లచీర ధరించడం ఇందుకు నిదర్శనం. కనుక నలుపుకూ దుఃఖానికీ గల సంబంధం ప్రకృతిసిద్ధం కాదు, చారిత్రకం. ఐరోపాలో ఆ సంబంధం స్థిరపడిన క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. రోమన్ సంప్రదాయం:

ప్రాచీన రోములో పౌరుని గౌరవవస్త్రం తెల్లని 'టోగా'. ఆప్తులు మరణించినప్పుడు దానిని విడిచి, ముదురు ఉన్నితో చేసిన 'టోగా పుల్లా' ధరించేవారు. నేరారోపణకు గురైనవారు సైతం ప్రజల సానుభూతి కోసం మాసిన, ముదురు దుస్తులతో కనిపించేవారు. దీనిని బట్టి, నలుపును ధరించడం కంటే పౌరవేషాన్ని విడిచిపెట్టడమే ఈ ఆచారానికి మూలమని భావించవచ్చు. ఇందులో సందర్భనియమం కూడా ఉండేది. అంత్యక్రియలకు సంబంధించిన విందుకు ముదురు టోగాతో హాజరైనందుకు వాటీనియస్‌ను సిసిరో తీవ్రంగా ఆక్షేపించాడు. మరోవైపు, స్త్రీలు శోకకాలంలో తెల్లని వస్త్రాలు ఎందుకు ధరిస్తారని ప్లూటార్క్ ప్రశ్నించుకొన్నాడు. రోములోనే ఏకరూపత లేదనడానికి ఇది ఆధారం.

3. క్రైస్తవ దృక్పథం:

క్రీ.శ. 3వ శతాబ్దంలో మహమ్మారి ప్రబలినప్పుడు కార్తేజ్ బిషప్ సిప్రియన్ నల్లని వస్త్రధారణను నిరసించాడు. గతించినవారు పరలోకంలో శ్వేతవస్త్రాలు ధరించి ఉండగా ఇక్కడ నలుపు తగదన్నది ఆయన వాదం. ఆచారం బలంగా ఉన్నచోటనే నిషేధం అవసరమవుతుంది. కనుక ఈ నిరసన ఆచారవ్యాప్తికి పరోక్ష సాక్ష్యంగా నిలుస్తుంది.

4. రాజాస్థానాలు:

మధ్యయుగాంతానికి నలుపు స్వభావం మారింది. గాఢమైన, వెలిసిపోని నల్లరంగు అద్దకం శ్రమతోనూ వ్యయంతోనూ కూడినది. తండ్రి 1419లో హత్యకు గురైన తరువాత బర్గండీ ప్రభువు మూడవ ఫిలిప్ నలుపును తన నిత్యవేషంగా చేసికొన్నాడు. ఒకనాటి దీనవేషం ఈ విధంగా రాజసచిహ్నమైంది. అయినా తెలుపు పూర్తిగా తొలగిపోలేదు. ఫ్రాన్సు రాజు రెండవ హెన్రీ 1559లో మరణించగా భార్య కాథరీన్ నలుపు ధరించింది. మరుసటి ఏడాది భర్తను కోల్పోయిన ఆమె కోడలు మేరీ స్టూవర్ట్ శ్వేతశోకవేషంలో ఉన్న చిత్రం లభిస్తున్నది. ఒకే ఆస్థానంలో, ఒకే కుటుంబంలో రెండు సంప్రదాయాలు సహజీవనం చేశాయి.

5. విక్టోరియా యుగం:

1861లో ఆల్బర్ట్ మరణించినది మొదలు 1901లో తన మరణం వరకు విక్టోరియా రాణి శోకవస్త్రాలు విడువలేదు. అయితే రాణికంటే ముందే వ్యాపారం ఉన్నది. శోకవస్త్రాలకే ప్రత్యేకించిన 'జేస్' దుకాణం 1841లోనే లండన్ రీజెంట్ వీధిలో వెలసింది. వితంతువులు రెండేళ్లకు పైగా నలుపు, క్రేప్ వస్త్రాలు ధరించవలసి ఉండేది. భార్యను కోల్పోయిన పురుషులపై ఇంతటి నిర్బంధం లేదు. ఆచారం దుఃఖాన్ని వ్యక్తం చేయడంతో ఆగక, స్త్రీ ప్రవర్తనకు కొలమానమైంది. మొదటి ప్రపంచయుద్ధంలో మరణాలు ఇంటింటినీ తాకినప్పుడు ఈ కఠిన నియమాలు సడలిపోయాయి.

6. ముగింపు:

పౌరవేషపరిత్యాగంగా మొదలైన ఆచారం రాజసంగా, ఆపై సామాజిక నిర్బంధంగా పరిణమించింది. నేడు తెలుగునాట సంతాపసభలలోనూ నిరసనలలోనూ కనిపించే నల్లబ్యాడ్జీ ఆ సుదీర్ఘ చరిత్రకు సంక్షిప్తరూపం. రంగు ఏదైనా, దాని అర్థాన్ని నిర్ణయించినది సమాజమే. ఆ అర్థపు భారాన్ని ఎక్కువగా మోసినవారు స్త్రీలే.