దుబాసీ రాని రోజు



నాలుగు నెలల క్రితం ఒక సాయంత్రం నా కలనయంత్రం తెర నల్లబడింది. యంత్రం నడుస్తూనే ఉంది, లోపలి పంకా చప్పుడు వినబడుతోంది. తెర మీద మాత్రం అక్షరం లేదు. ఆ ఉదయమే లినక్సు కెర్నెలును నవీకరించి ఉన్నాను. లోపల ఇరవై రెండేళ్లుగా పోగుచేసిన సేద్యపు పదాల పట్టిక ఉంది. మేడి, నొగ, గొర్రు, జడ్డిగం వంటి మాటలవి. వాటిని నాకు చెప్పిన రైతుల్లో చాలామంది నేడు లేరు. చివరి రెండేళ్ల చేర్పులకు వేరే ప్రతి లేదు. అది పూర్తిగా నా అశ్రద్ధ.

పూర్వవిద్యార్థి ఒకడికి ఫోను చేశాను. "మాస్టారూ, మీ పట్టిక ఎక్కడికీ పోలేదండీ. కెర్నెలు మారింది, గ్రాఫిక్సు డ్రైవరు దానికి తగ్గట్టు మారలేదు. అంతే" అన్నాడు.

ఆ "అంతే" వెనుక ఎంత చరిత్ర ఉన్నదో తెలుసుకోవడానికి నాకీ నాలుగు నెలలు పట్టాయి.

డ్రైవరంటే తోలేవాడు. ఆ పేరు నాకంత నచ్చలేదు. అది చేసేది నిజానికి దుబాసీ పని. కుంఫిణీ కాలంలో దొర మాట రైతుకు తెలియదు, రైతు మాట దొరకు తెలియదు. ఇద్దరి నడుమ దుబాసీ నిలిచేవాడు. అలాగే కెర్నెలు మాట గ్రాఫిక్సు కార్డుకు చేరాలంటే డ్రైవరు ఉండాలి. దుబాసీ రాని రోజున ఇద్దరూ క్షేమంగానే ఉన్నా కచేరీ సాగదు. మా ఇంట జరిగిందదే.

ఇక చరిత్ర. తెర మీద కిటికీలు గీసే ఎక్స్ విండో వ్యవస్థ 1984లో అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో పుట్టింది. దాని పదకొండవ కూర్పు 1987లో వెలువడింది. 1991 ఆగస్టులో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సు సంగతి లోకానికి ప్రకటించాడు. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన యూనికోడు తొలి కూర్పులో మన తెలుగు లిపికి చోటు దక్కింది. ఆ రెండూ లేకుంటే నేనీ వాక్యం రాసేవాణ్ణి కాను.

మామూలు పీసీల మీద ఎక్స్‌ను నడిపే భారం 1990లలో ఎక్స్‌ఫ్రీ86 బృందం మోసింది. ఆనాడు వాడుకరి తన మానిటరు అడ్డు, నిలువు పౌనఃపున్యాలను ఒక ఫైలులో స్వహస్తాలతో రాసుకోవలసి వచ్చేది. అంకె తప్పితే గాజుగొట్టపు మానిటరు చెడిపోవచ్చునన్న హెచ్చరిక కూడా ఉండేది. 2004లో ఆ బృందం లైసెన్సు షరతులు మార్చగా, పలువురు విడివడి ఎక్స్.ఆర్గ్ పక్షాన చేరారు. అంతవరకు కార్డుతో నేరుగా మాట్లాడుతూ వచ్చినది ఎక్స్ సర్వరే. తెర కొలతలు నిర్ణయించే పని 2009 నుంచి క్రమంగా కెర్నెలు చేతికి వచ్చింది.

అసలు చిక్కు వేరు. దుబాసీ కావాలంటే రెండు భాషలూ రావాలి. కెర్నెలు భాష బహిరంగం, ఎవరైనా చదువుకోవచ్చు. కార్డు భాషను మాత్రం పలు తయారీదారులు రహస్యంగా ఉంచారు. మూలపాఠం ఇవ్వక, యంత్రానికి తప్ప మనిషికి అర్థంకాని రూపంలో డ్రైవరును అందించారు. లినక్సులో కెర్నెలు లోపలి అమరిక కూర్పు కూర్పుకూ మారుతుంది. బహిరంగ డ్రైవరును కెర్నెలుతోపాటే సవరిస్తారు. రహస్య డ్రైవరును దాని యజమాని సవరించాల్సిందే. ఆయన పాతకార్డుల బాధ్యత వదులుకున్ననాడు మనకు దిక్కులేదు.

దీనికి కొందరు పట్టుదలతో బదులిచ్చారు. ఎన్విడియా కార్డులు ఏ ఆజ్ఞకు ఎలా స్పందిస్తున్నాయో గమనించి, ఆ భాషను ఊహించి, నూవో అనే బహిరంగ డ్రైవరు రాశారు. 2010లో వచ్చిన 2.6.33 కెర్నెలులో అది చేరింది. శిథిలమైన తాళపత్రాల పాఠాన్ని ప్రత్యంతరాలతో పోల్చి పునరుద్ధరించే పరిష్కర్తల శ్రమ ఇలాంటిదే. ఏటీఐని 2006లో కొన్న ఏఎమ్‌డీ, మరుసటి ఏడాది తన కార్డుల వివరాలు వెల్లడిస్తానని ప్రకటించింది. 2012లో ఫిన్లాండులోని ఒక సభలో టోర్వాల్డ్స్ ఎన్విడియాను పరుషంగా నిందించాడు. 2022 మే నెలలో ఆ సంస్థ కూడా కెర్నెలులో చేరే భాగపు మూలపాఠం విడుదల చేసింది. అదైనా 2018 నాటి తరం నుంచి వచ్చిన కార్డులకే. మిగిలిన భాగాలు మూసే ఉంచింది.

నా కార్డు ఎవరిదో చెప్పను, అది అప్రస్తుతం. ఆ రాత్రి కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కితే నల్లతెర మీద అక్షరాల వరుస వచ్చింది. ఫైలు ఉంది! తెరిచి చూస్తే తెలుగుకు బదులు వరుసగా చతురస్రాలు. గుండె జారింది. "ఆ తెరకు గుణింతాలు, ఒత్తులు కూర్చే నేర్పు లేదండీ. ఫైలు బాగానే ఉంది" అన్నాడు శిష్యుడు. మరుబూటు చేసి, మొదట వచ్చే పట్టికలో పాత కెర్నెలును ఎంచుకోమన్నాడు. తెర వెలిగింది. జడ్డిగం యథాస్థానంలో ఉంది.

పాత కెర్నెలుతో కలకాలం ఉండలేము, భద్రతా సవరణలు అందవు. విచారిస్తే నా కార్డుకు సంస్థ సహాయం ఏనాడో ఆగిపోయిందని తేలింది. రహస్య డ్రైవరును తొలగించి, దానికోసం రాసిన పాత అమరిక ఫైలును కూడా తీసేసి, కొత్త కెర్నెలుతో మొదలుపెట్టాను. బహిరంగ డ్రైవరు తనంతట తానే పని అందుకుంది. కిటికీలు కాస్త నిదానంగా కదులుతాయి. నాకు తొందరేమీ లేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పట్టికను ఇరవై రెండేళ్లు నేనొక్కణ్ణే దాచుకున్నాను. పూర్తయ్యాక ఇద్దామనుకున్నాను. అటక మీద తాళపత్రాలు దాచి చెదలకు అప్పగించిన వారిని తరగతిలో ఎన్నిసార్లు నిందించానో! రహస్య డ్రైవరును తప్పుపట్టే అర్హత నాకెక్కడిది?

మరునాడే పట్టికను సాదా యూనికోడు పాఠంగా ముగ్గురు శిష్యులకు పంపాను. తప్పులుంటే దిద్దమన్నాను. మొదటి వారంలోనే పదకొండు దొరికాయి.