నడవని బండి వెల

కృష్ణదేవరాయలు 1514లో గజపతుల సేనలనుండి వశపరచుకొన్న ఉదయగిరి దుర్గమును గూర్చి వ్రాసినవారు పలువురు గలరు. ఆ దుర్గపు నీడన బ్రదికిన ప్రజలును, పొరుగున నున్న ఆత్మకూరు ప్రజలును ఇరువదవ శతాబ్దమున ఏ వాహనము నెక్కిరి, అది చెడినపుడు ఎవరికి ఏ బేరమున అమ్మిరి అను కథ మాత్రము రాజుల చరిత్రకంటె తక్కువ రుచిగలది కాదు. నెల్లూరునుండి ఆత్మకూరు సుమారు 60 కిలోమీటర్లు, ఉదయగిరి సుమారు 100. మదరాసు రైలు తీరము వెంబడి సాగిపోవుటచే ఈ మెట్టసీమకు బస్సులును ఎద్దుబండ్లునే దిక్కైన ఆ రోజులలో, స్కూటరు గల ఉపాధ్యాయుడో ఓవర్సీరో వీథిలో వచ్చుచుండగా అరుగులమీది సంభాషణ క్షణకాలము ఆగెడిది.

ఆ స్కూటరు పుట్టుపూర్వోత్తరములు విచారింపవలెనన్న ఇటలీకి పోవలయును. రెండవ ప్రపంచయుద్ధానంతరము విమానముల తయారీ ఇక పొసగదని గ్రహించిన పియాజియో సంస్థవారు 1946లో వెస్పాను, ఉక్కుగొట్టముల వ్యాపారమున గడితేరిన ఇన్నొచెంటి మిలాను నగరమున 1947లో లాంబ్రెట్టాను వెలయించిరి. మనదేశమున లాంబ్రెట్టాను బొంబాయిలోని ఆటోమొబైల్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియావారును, వెస్పాను 1960 ప్రాంతమున బజాజువారును చేపట్టిరి. బజాజువారి ఒడంబడిక 1971లో ముగియగా మరుసటియేట చేతక్ వెలువడినది. లక్నోలో 1972లో నెలకొన్న స్కూటర్స్ ఇండియా సంస్థ ఇన్నొచెంటివారి యంత్రసామగ్రినే కొని తెచ్చి విజయ్ సూపర్‌ను దింపినది. మన రాష్ట్రమున ఆల్విన్ పుష్పక్ అను పేరున తిరిగినదియు ఆ కుదురునకు చెందినదే. బొలోన్యా నగరపు డుకాటి మోటారుసైకిళ్లు ఐశ్వర్యవంతుల సొత్తు. ఉదయగిరికి దక్కినవి వాని పేదచుట్టములు.

చెడిన బండిని చెడినదిగానే అమ్ముట ఆ తొలినాళ్లలో అరుదు. 1960 నాటి ప్రభుత్వపుటుత్తరువు స్కూటర్ల పంపిణీని తన గుప్పిట నుంచుకొనుటచే, డబ్బు కట్టి ఏండ్ల తరబడి వేచియున్నవానికి గాని కొత్తబండి చేతికందెడిది కాదు. అందువలన వాడిన బండి కొత్తదానికంటె హెచ్చు వెల పలికిన విపరీతము తెలుగుదేశమంతట ఉండెడిది. ఇట్టి కాలమున ఇంజను బిగుసుకొనిపోయినను యజమాని నిరాశపడడు. సిలిండరు రీబోరు చేయించి, మదరాసులో జనరల్ ప్యాటర్స్ రోడ్డునగాని పుదుపేటనగాని పిస్టను వెదకి తెప్పించి, మరల పదేండ్లు నడుపును. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చి లీటరు పెట్రోలుతో ఊళ్లకు ఊళ్లు దాటించుట మొదలిడిన పిదపనే ఈ రెండు స్ట్రోకుల ముసలిబండ్లు వీథినుండి పశువులకొట్టములోనికి జరిగినవి.

అచ్చట చొప్పవామి చాటున నున్న లాంబ్రెట్టాను చూడబోవు బేరగాని తీరు పరికింపదగినది. పశువుల సంతలో పండ్లు పట్టి చూచి, సుడులు లెక్కించి, తువ్వాలు చాటున వ్రేళ్లు నొక్కి వెల తేల్చుకొను విద్య తాతలనుండి వచ్చినదే గదా! అతడు మొదట కిక్కురాడ్డుపై కాలు మోపును, అది దిగదు. దానిని ఊడబొడుచునట్లు తన్నినవాడు కొత్తవాడని ఎరుగవలయును. ఆరితేరిన మెకానిక్కు ప్లగ్గు విప్పి, ఆ రంధ్రమున కిరసనాయిలు పోసి, రెండుదినములు మరచిపోయి, పిమ్మట మాగ్నెటో చక్రమును చేతితో అటునిటు మెల్లగా కదపును. కదలినచో సిలిండరు దక్కినట్లే. తరువాత ప్రక్కరేకులు విప్పి చూచును. లాంబ్రెట్టాకు గొట్టపు చట్రము వేరు, రేకులు వేరు గనుక ఒక్కొక్కటి మార్చుకొనవచ్చును. వెస్పా జాతికి శరీరమంతయు ఒకే ఉక్కురేకు కావున కాలు పెట్టుకొను పళ్లెము తుప్పుపట్టెనా, వెన్నెముకయే విరిగినట్లు. ఈ విషయమున మెట్టసీమ బండికి ఒక మేలున్నది: నెల్లూరు తీరపు ఉప్పుగాలి దానికి సోకలేదు. ఈ గుణము చెప్పుకొని వెల పెంచవచ్చునని ఎరుగని రైతు దానిని పాతయినుపసామానుల వానికి కాటాపై తూచి ఇచ్చివేయుట నేటికిని గలదు. ఇనుము ఒక ధర, అల్యూమినియము వేరొక ధర, ముప్పదియేండ్ల తోడు అరగంటలో సమాప్తము!

పాశ్చాత్యదేశములలో ఈ విక్రయమునకు మర్యాద ఏర్పడియున్నది. పాల్ స్మార్ట్ అను పందెగాడు డుకాటిపై 1972లో ఇమోలా పందెము గెలిచిన పిదప డుకాటివారు 1974లో సుమారు 400 మాత్రమే నిర్మించిన 750 సూపర్ స్పోర్ట్ వంటి బండి నడవని స్థితిలో బయటపడినను, చట్రముపై అంకెయు ఇంజనుపై అంకెయు మొదటివేనా యన్నదే ముందడుగుదురు. మెరుగులు తరువాతి మాట. 1994లో వచ్చిన 916 వంటి డుకాటి ఏండ్లకొలది నిలిచియున్నచో, లోపలి టైమింగు బెల్టులు పరీక్షింపక స్టార్టు చేయుట సాహసము. బెల్టు తెగెనా, వాల్వులు వంగిపోవును. కావున నడిపి చూపనని చెప్పు అమ్మకందారుడు అచ్చట మోసగాడు కాడు, వివేకి. మనదేశమునుండి ఎగుమతియైన ముసలి లాంబ్రెట్టాలు, వెస్పాలు కొన్ని ఇందుకు విపర్యాసముగా పుట్టీతో గుంటలు పూడ్చి, పైన తళతళలాడు రంగు పూయబడి, లోపల ఎన్నో బండ్ల ముక్కలతో అతుకబడి పోయి, ఇంగ్లండున భారతీయ పునరుద్ధరణ మన్న పేరునకే మచ్చ తెచ్చినవి. నా మట్టుకు నాకు, దుమ్ముతోనే అమ్మిన ఆత్మకూరు రైతు ఆ రంగులవానికంటె నిజాయితీపరుడు.

అయితే ఇనుముకంటె కాగితము బరువైనది. ఊళ్లలో సీ బుక్కు అని పిలువబడు రిజిస్ట్రేషను పుస్తకము తాతగారి పేర నుండును. ఆయన గతించి చాలకాలమగును. పదునైదేండ్ల గడువు తీరినపిదప దానిని పునరుద్ధరించిన వారుండరు. వారసుని పేరికి మార్చుటకు 31వ నమూనా పత్రము, అతనినుండి కొన్నవానికి మార్చుటకు 29, 30 పత్రములు కావలయును. సంచకారము పుచ్చుకొనుటకు పూర్వమే ఈ పని ముగించిన ఇంటివాడు బేరమున ఒక మెట్టు పైన నిలుచును. కేంద్రప్రభుత్వము 2021లో, ఏబదేండ్లు దాటి మొదటి రూపము చెడని వాహనములకు ‘వీఏ’ అక్షరములు గల ప్రత్యేక సంఖ్య నిచ్చు నియమము తెచ్చి, తొలి నమోదునకు 20,000, మరల నమోదునకు 5,000 రూపాయలు రుసుముగా నిర్ణయించినది. అట్టి బండిని ప్రదర్శనలకు, ఇంధనము పోయించుకొనుటకు, మరమ్మతునకు, ఇట్టి కొన్ని పనులకు తప్ప నిత్యము రోడ్డుపై త్రిప్పరాదు. పుస్తకము పోయిన లాంబ్రెట్టాకు ఈ భాగ్యము సులభము కాదు. దాని ప్రక్కరేకులు ఒకరి బండికి, హెడ్డులైటు ఇంకొకరి బండికి, ఇంజను మరియొకరి షెడ్డునకు పోవును. చట్రము మాత్రము కాటా నెక్కును.