800 డాలర్లతో మొదలైన జట్టు

1993 డిసెంబరులో ఐడీ సాఫ్ట్‌వేర్ విడుదల చేసిన 'డూమ్' వీడియోగేమ్ నెట్‌వర్కు మీద నలుగురు ఒకేసారి ఆడే వీలు కల్పించింది. కలిసి రాక్షసులను చంపమన్నా, ఆటగాళ్లు ఎక్కువ మోజుపడింది ఒకరినొకరు కాల్చుకోవడం మీదే. డెత్‌మ్యాచ్ అనే మాట అక్కడే పాతుకుపోయింది. చచ్చినవాడు మరుక్షణం లేచి మళ్లీ పరుగెత్తేవాడు. చావుకే విలువ లేనిచోట పక్కవాడితో పనేముంటుంది?

1996లో 'క్వేక్'ను ఆధారం చేసుకుని ఆస్ట్రేలియా కుర్రాళ్లు రాబిన్ వాకర్, జాన్ కుక్, ఇయాన్ కాగ్లీ 'టీమ్ ఫోర్ట్రెస్' తయారుచేశారు. అందులో మెడిక్, స్నైపర్, స్కౌట్ ఎవరి పని వారిది. అయితే జట్టుగా ఆడక తప్పని పరిస్థితిని గట్టిగా బిగించింది మాత్రం 1999 జూన్‌లో 'హాఫ్‌లైఫ్' ఆటకు మోడ్‌గా, అంటే దాన్నే మార్చి చేసిన రూపంగా వచ్చిన 'కౌంటర్‌స్ట్రయిక్'. కెనడాలో చదువుకుంటున్న మిన్ లీ, అమెరికన్ జెస్ క్లిఫ్ కలిసి చేసిన ఆట అది. వాల్వ్ సంస్థ దాన్ని తన గొడుగు కిందికి తెచ్చుకుని 2000 నవంబరులో అమ్మకానికి పెట్టింది.

ఇందులో చచ్చినవాడు రౌండు అయ్యేదాకా లేవడు. చేతులు కట్టుకుని మిగిలినవాళ్ల ఆట చూస్తూ కూర్చోవాలి. పక్కవాడు ఏ మూల నుంచి తొంగిచూస్తున్నాడో, ఎక్కడ తప్పు చేస్తున్నాడో అప్పుడే బాగా తెలిసేది. శిక్షలా కనిపించే ఈ నియమం నిజానికి పాఠశాల.

అసలు కిటుకు డబ్బులో ఉంది. మొదటి రౌండులో ఒక్కొక్కరి చేతిలో 800 డాలర్లు. పాత ఆటలో ఏకే-47 ధర 2,500, ఏడబ్ల్యూపీ స్నైపర్ 4,750. ఓడితే వచ్చే సొమ్ము అంతంతమాత్రం. అందుకే 'ఎకో' రౌండు పుట్టింది: ఈసారి ఎవరూ ఏమీ కొనకుండా ఓటమికి సిద్ధపడి, వచ్చే రౌండుకు జట్టులోని ఐదుగురూ నిండుగా కొనడం. ఆగలేక ఒక్కడు తుపాకీ కొన్నాడా, ఆ రౌండూ పోతుంది, తర్వాతి రౌండులో వాడి చేతిలో పిస్టల్ మిగులుతుంది. డబ్బు మిగిలినవాడు ఇంకో రైఫిల్ కొని మిత్రుడి కాళ్ల దగ్గర పడేయడం కూడా అప్పటి ఆచారమే. ఉమ్మడి కుటుంబం ఖర్చుల పద్దులాంటి ఈ లెక్క, గురి కుదరడం కన్నా ఎక్కువ మ్యాచ్‌లు గెలిపించిందంటే అతిశయోక్తి కాదు.

బ్రిటన్ కుర్రాడు డేవిడ్ జాన్‌స్టన్ గీసిన 'డస్ట్', 2001 నాటి 'డస్ట్2' మ్యాపుల్లో ఎత్తులు మరింత ముదిరాయి. డస్ట్2లో మధ్య తలుపుల సందులోంచి ఎదుటి స్నైపర్ గురిపెట్టి ఉంటాడు. ఎవరో ఒకరు ముందుగా అక్కడ స్మోక్ (పొగ గ్రెనేడ్) విసిరితే తప్ప దాటడం కష్టం. లోపలికి దూకేటప్పుడు ఇద్దరు జంటగా వెళ్లాలి. మొదటివాడు పడిపోతే, వాడిని కొట్టినవాడు తుపాకీ తిప్పేలోపే రెండోవాడు కొట్టాలి. దీన్ని 'ట్రేడ్' అంటారు. ముందు దూకేవాడికి చప్పట్లు తక్కువ, చావులు ఎక్కువ.

2005లో వచ్చిన 'బ్యాటిల్‌ఫీల్డ్ 2' ఆరుగురి స్క్వాడ్, పైన ఒక కమాండర్ అంటూ సైన్యం పద్ధతినే తెచ్చిపెట్టింది. నాయకుడు బతికి ఉంటే చచ్చినవాళ్లు అతని దగ్గరే మళ్లీ పుట్టొచ్చు. దాంతో నాయకుణ్ణి కాపాడుకోవడమే సగం యుద్ధమైంది.

కౌంటర్‌స్ట్రయిక్ పోటీల్లో మరో పేచీ వచ్చింది. వెనక కూర్చున్న కోచ్ ఎత్తులన్నీ చెబుతుంటే ఆడుతున్నది ఐదుగురా, ఆరుగురా? 2016 ఆగస్టులో వాల్వ్ కోచ్ నోటికి కళ్లెం వేసింది. టైమౌట్లలో, విరామంలో తప్ప మాట్లాడకూడదంది. 2020లో మరో గుట్టు బయటపడింది. ఆటలోని ఒక లోపాన్ని వాడుకుని ప్రత్యర్థులను చూశారంటూ 37 మంది కోచ్‌లపై నిషేధం పడింది.

మన కుర్రకారులో చాలామందికి స్క్వాడ్ అంటే 2018లో ఫోన్లలోకి వచ్చిన పబ్జీ నలుగురే. 2020 సెప్టెంబరులో కేంద్రం నిషేధించాక, 2021 జూలైలో బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. ఇందులో దెబ్బతిన్నవాడు వెంటనే చావడు, పాకుతూ 'నాక్ అయ్యాన్రా, లేపండి' అని అరుస్తాడు. లేపడానికి పది సెకన్లు కదలకుండా కూర్చోవాలి. కొత్తవాళ్లు ఆదరాబాదరాగా పరుగెత్తి వాళ్లూ పడిపోతారు. చేయితిరిగిన జట్టు ముందు కొట్టినవాడి జాడ తీసి, స్మోక్ వేసి, ఆ తర్వాతే పడిపోయినవాడి దగ్గరికి వెళ్తుంది.