మేకు కొట్టే హక్కు

అద్దె ఇంట్లో కాపరం చేసిన ఆడవాళ్ళకి తెలుసు, గోడకి ఒక్క మేకు కొట్టాలన్నా ఇంటావిడ మొహం ఎలా ఉందో ముందు చూసుకోవాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో పదకొండేళ్ళు అలా చూసీ చూసీ, ఎల్.బి.నగర్‌లో సొంత ఫ్లాటులో చేరిన రోజున నేను చేసిన మొదటి పని దేవుడి పటానికి మేకు కొట్టడం.

మొన్న మా అమ్మాయి లాప్‌టాప్ కొనుక్కుంది. "ఇందులో సాఫ్టువేరుకి ఏటేటా డబ్బు కట్టాలమ్మా" అంది.

"అదేమిటే, కొనలేదూ?"

"యంత్రం మనదే. సాఫ్టువేరు వాడుకోనిస్తారంతే. దాన్నే లైసెన్సంటారు."

అంటే మళ్ళీ అద్దె కొంపేనన్నమాట!

ఒకప్పుడు యంత్రమూ మనది కాదు. 1960లలో మన దేశంలో కంప్యూటర్లంటే ఎక్కువగా ఐ.బి.ఎం. వారివే. బయటి దేశాల్లో వాడి పాతబడ్డ 1401 యంత్రాల్ని బాగుచేసి మన సంస్థలకి అద్దెకిచ్చేవారు. ఇంటితో పాటు కుళాయిలాగా, సాఫ్టువేరు ఆ అద్దెలోనే వచ్చేసేది. దానికి విడిగా ధర కడతామని ఆ కంపెనీ అమెరికాలో ప్రకటించింది 1969లో.

సరిగ్గా అదే ఏడు మన ఊళ్ళో ఇంకో ముచ్చట జరిగింది. మా ఎల్.బి.నగర్ నించి ఉప్పల్ దాటి ఇంకా పైకి వెళితే వచ్చే ఈ.సి.ఐ.ఎల్.ని 1967లో పెట్టారు. దానికి మూలపురుషుడు పశ్చిమ గోదావరి జిల్లాకి చెందిన ఏ.ఎస్.రావుగారు. 1969లో ఆ సంస్థ టి.డి.సి.-12 అనే కంప్యూటరు తయారుచేసింది. చిన్నదే కావచ్చు, సొంత ఇల్లు సొంత ఇల్లే కదా! తరవాత 1973 నాటి ఫెరా చట్టం ప్రకారం విదేశీ కంపెనీలు తమ వాటాని 40 శాతానికి తగ్గించుకోవలసొచ్చింది. ఐ.బి.ఎం. ఒప్పుకోక 1978లో మూటా ముల్లే సర్దుకుంది. 1992లో టాటాలతో కలిసి మళ్ళీ వచ్చిందనుకోండి.

ఈ కథలో నాకు బాగా తగిలిన సంగతి వేరే ఉంది. 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించి, కంప్యూటరు ప్రోగ్రాముని సాహిత్య రచనల వరసలో చేర్చారు. నా నవలా, ఆ ప్రోగ్రామూ ఒకే బల్ల మీద కూచున్నాయన్నమాట! 1994 సవరణ ఇంకో అడుగు ముందుకేసి, దొంగప్రతి అని తెలిసీ కంప్యూటరులో వాడితే జైలు కూడా ఉందంది.

ఇక దాచడమెందుకు? 2001లో, కొత్తగా పెళ్ళయి, బి.ఏ. పట్టా పుచ్చుకుని నేను కంప్యూటరు కోర్సులో చేరాను. ఇంట్లో సాధన చేసుకోవడానికి దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద సీడీ కొన్నాను, 50 రూపాయలు. అసలుది కొనాలంటే మావారి నెల జీతం చాలదు. తప్పుచేశానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఎవరో ఎక్కడో రాసింది, వాళ్ళకేం తక్కువ?

కిందటేడు ఒకావిడ ఫోన్ చేసింది. "మీ నవల చదివి ఏడ్చేశానండీ! మా వాట్సాప్ గ్రూపులో ఫ్రీగా వచ్చింది" అంది ఎంతో ఆప్యాయంగా. మూడేళ్ళపాటు వంటయ్యాక, అందరూ పడుకున్నాక రాసిన నవల అది. ఒళ్ళు మండింది. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఆ 50 రూపాయల సీడీ కళ్ళముందు కొచ్చి నిలబడింది.

ఊరికే పంచిపెట్టే సాఫ్టువేర్లూ ఉన్నాయిట, రాసినవాళ్ళే ఇష్టపడి ఇచ్చినవి. ఆ దానం వాళ్ళు చేయాలి, మనం వాళ్ళ జేబులోంచి తీసి చేయకూడదు.

అమ్మాయి లాప్‌టాప్‌కి ఈ ఏటి అద్దె నేనే కట్టాను. ఫోన్లో ఆవిడతో మాత్రం, "ఈసారి నవల కొనుక్కుని చదవండమ్మా" అన్నాను. ఎంత మెత్తగా అనాలో, అంత మెత్తగానూ.