నగరోద్యానములో మడ అడవి

ఉద్యానవనము అనగానే మన కన్నులకు కట్టునది పచ్చిక, పూలమడులు, పిల్లలకు ఉయ్యాల, సాయంకాలము పెద్దలు కూర్చుండుటకు నాలుగు బల్లలు. బురద, పీతలు, ఉప్పునీరు, కాలికి గ్రుచ్చుకొను వేళ్లు అందులో ఉండదగునని ఎవరును తలంపరు. అట్టి చోటును ముందు మట్టితో పూడ్చి, చదును చేసి, ఆ మీదట తోట వేయుటయే పట్టణములలో ఆచారము. ఈ ఆచారమును తలక్రిందులు చేసి, పూడ్చిన నేలను మరల త్రవ్వి, నగరము నడుమ మడ అడవిని నిలిపిన వృత్తాంతమును ఈ ప్రసంగములో చెప్పదలచితిమి. ఆ పని జరిగినది చీనా దేశమునకు చెందిన హైనాన్ ద్వీపములో, సాన్యా నగరమున. దానికి ముందు జరిగిన కథ అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రములో ఉన్నది. దానికి పోలిక మాత్రము మన గోదావరి మొగలలోనే కలదు.

గోదావరి మొగల ప్రాంతము వారికి మడచెట్టును పరిచయము చేయనక్కరలేదు. నల్లమడ, తెల్లమడ, తిల్ల, పొన్న అను పేర్లు కోరంగి వైపు పల్లెలలో పసివారికిని తెలియును. తక్కిన శ్రోతల కొరకు రెండు మాటలు. ఇవి ఉప్పునీట బ్రతుకు చెట్లు. అయినను ఎల్లవేళల నీట మునిగియుండు చెట్లు కావు. మన తీరమున దినమునకు రెండు మారులు పోటు వచ్చి వేళ్లను తడుపును. రెండు మారులు ఆటు వచ్చి వాటిని గాలికి విడుచును. నల్లమడ, తెల్లమడల చుట్టును బురదలో నుండి మేకులవలె పైకి పొడుచుకొని వచ్చు ఊపిరివేళ్లు ఆ గాలి కొరకే. పోటునీరు రాకున్నచో ఉప్పు పేరుకొని చెట్టు ఎండును. వచ్చిన నీరు పోకున్నచో ఊపిరాడక చచ్చును. కొన్ని జాతులలో గింజ తల్లిచెట్టు మీదనే మొలకెత్తి, జానెడు, రెండు జానల పొడవున ములగకాయవలె వ్రేలాడి, అదను వచ్చినప్పుడు జారిపడి, నీటిపై తేలుచు పోయి, తగిన మట్టము గల బురద దొరికిన చోట నిలద్రొక్కుకొనును. ఈ తోటకు తోటమాలి సముద్రమే. మనుష్యుడు చెరుపగలిగినవి రెండు: నేల మట్టము, నీటి దారి. ఆ రెంటిని చెరిపిన పిమ్మట ఎన్ని మొక్కలు నాటినను ఫలము లేదు.

ఈ చివరి మాటను లోకము తేలికగా నేర్చుకొనలేదు. ఫిలిప్పీన్సు దీవులలో ఎన్నో ఏండ్లు పెద్దయెత్తున మడమొక్కలు నాటిరి. నాటుట సులువని, పూర్వము మడ ఎన్నడును పెరుగని లోతు బురదలలో వరుసలు తీర్చి నాటిరి. నాటిననాడు చూచుటకు కన్నులపండువుగా ఉండెను. వానిలో అధిక భాగము బ్రతుకలేదు. నాటిన మొక్కలను లెక్కించు అలవాటు మనకును ఉన్నది గనుక ఈ సంగతిని ఇచ్చట చెప్పితిమి.

ఫ్లోరిడాలో రాబిన్ లూయిస్ అను జీవశాస్త్రజ్ఞుడు ఇందుకు విరుద్ధమైన మార్గమును పట్టెను. హాలీవుడ్ అను పట్టణమున (ఇది చలనచిత్రముల హాలీవుడ్ కాదు, మయామీ నగరమునకు ఉత్తరముగా నున్న వేరొక ఊరు) వెస్ట్ లేక్ అను పేర విశాలమైన ఉద్యానము కలదు. అచ్చటి మడ అడవిలో పెద్ద భాగము వెనుకటి రోజులలో మట్టి పోసినందున పాడైపోయినది. ఆ ఉద్యానమున సుమారు 500 హెక్టారుల పునరుద్ధరణలో లూయిస్ మొదట చేసినది చెట్లు తెప్పించుట కాదు. ప్రక్కనే ఆరోగ్యముగా నిలిచియున్న మడ అడవి నేల ఎంత ఎత్తున ఉన్నదో కొలుచుట. పోసిన మట్టిని సరిగా ఆ మట్టము వరకు తీయించి, పోటునీరు వచ్చిపోవుటకు కాలువలు తెరిపించెను. అంతటితో ఊరకుండెను. 1989లో తీసిన ఛాయాచిత్రములో ఆ చోటు గడ్డిపరకయైన లేని బోడినేల. 1996లో అదే చోట నిలిచి తీసిన చిత్రములో దట్టమైన మడ అడవి. మనుష్యుల చేతితో నాటిన మడమొక్క అందులో ఒక్కటియు లేదు. గింజలను పోటునీరే తెచ్చినది.

ఇక సాన్యా. హైనాన్ ద్వీపపు దక్షిణాగ్రమున నున్న ఈ నగరము ఉష్ణమండలపు సముద్రతీరమునకు పేరు పొంది, కొద్ది దశాబ్దములలోనే విహారస్థలముగా వేగముగా పెరిగెను. పెరిగిన కొలది ఏటి అంచులు కాంక్రీటు గోడలాయెను. లిన్‌చున్ అను ఏటి తూర్పు గట్టున, సముద్రపు పోటు ఎక్కివచ్చు చోటనే, కట్టడముల శిథిలములను పోసి పూడ్చిరి. వరదను ఆపుట గోడల ఉద్దేశము. కాని అవి పోటును గూడ ఆపివేసినవి. వీధుల మురికినీరు మాత్రము యథాప్రకారము ఏటిలో పడుచునే ఉండెను. ఈ దురవస్థ ఆ ఒక్క నగరమునదే కాదు. 1950 ప్రాంతమునకును 2000 సంవత్సరమునకును నడుమ చీనా దేశపు మడ అడవులు ఇంచుమించు సగమునకు తగ్గి, సుమారు 22,000 హెక్టారులు మిగిలెను.

2015లో చీనా ప్రభుత్వము ప్రకృతి పునరుద్ధరణకును నగరముల మరమ్మతునకును ప్రయోగస్థలముగా మొట్టమొదట సాన్యానే ఎంచుకొనెను. ఏటిగట్టు ఉద్యానమును రూపొందించు పని యు కోంగ్‌జియాన్ అను స్థలశిల్పికిని ఆయన స్థాపించిన టూరెన్‌స్కేప్ సంస్థకును వచ్చెను. ఈయన 1963లో ఝెజియాంగ్ రాష్ట్రమున ఒక పల్లెలో కర్షక కుటుంబమున జన్మించెను. బాల్యమున వరద వచ్చిన ఏటిలో పడి కొట్టుకొనిపోవుచుండగా గట్టున నున్న నీటిచెట్లను, రెల్లును పట్టుకొని బయటపడితినని ఆయన పలుమారులు చెప్పియుండెను. ఏటికి కాంక్రీటు గట్టు ఉండినచో తాను దక్కియుండనని ఆయన నమ్మకము. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున 1995లో పరిశోధన పట్టము పొంది, స్వదేశమునకు తిరిగివచ్చి, నగరము నీటిని తరిమివేయరాదు, దూదివలె పీల్చుకొనవలెనని జీవితాంతము వాదించెను.

సాన్యాలో ఆయనకు దొరికిన స్థలము 10 హెక్టారులు. మన లెక్కలో పాతిక ఎకరములు. ఒక చిన్న ఊరి చెరువంత. అందులో మూడు చిక్కులు. తుఫాను గాలులకు లేత మొక్క నిలువదు. వానకాలమున ఎగువ నుండి ఒక్కుమ్మడిగా వచ్చు వరద దానిని పెరికివేయును. వీధుల నుండి దిగు మురుగు దానిని చెరచును. వీనికి ఆయన పన్నిన ఉపాయము నేల రూపములోనే ఉన్నది. రెండు చేతుల వ్రేళ్లను ఒకదాని సందున ఒకటి దూర్చినట్లు ఊహింపుడు. ఒక చేతి వ్రేళ్లు నేల, రెండవ చేతి వ్రేళ్లు నీరు. ఆ విధముగా గట్టును కోసి, నీటిపాయలను లోనికి త్రిప్పి, పోటునకు దారి ఇచ్చిరి. నేల వ్రేళ్ల చాటున గాలి మందగించెను. వరద సూటిగా పోజాలక మలుపులలో బలము కోల్పోయెను. గట్టు అంచు నిడివి పెరుగుటచేత, నేలయు నీరును కలియు చోటు, అనగా మడకు కావలసిన చోటు, అదే పాతిక ఎకరములలో అనేక రెట్లాయెను. నీటి లోతు అంతటను ఒకే తీరుగా ఉంచలేదు; ఒక్కొక్క జీవికి ఒక్కొక్క లోతు గదా. వీధి వైపు పొలము గట్లవలె మెట్లు మెట్లుగా మళ్లు తీర్చి, మురుగునీరు వానిలో ఇంకి తేరుకొనిన పిమ్మటనే ఏటికి దిగునట్లు చేసిరి.

మాకు అన్నిటికంటె నచ్చిన సంగతి మరియొకటి. పడగొట్టిన కాంక్రీటు గోడను, త్రవ్వితీసిన శిథిలములను బండ్లకెత్తి వేరొక ఊరి మీద పారబోయలేదు. ఆ ముక్కలనే నేల వ్రేళ్లను నిలుపుటకు లోపల నింపిరి. పోటును ఆపిన గోడయే పోటునకు దారి చూపు గట్టు ఆయెను. మీదుగా నడచి చూచుటకు ఎత్తైన బాటలు, నీడకు మంటపములు కట్టిరి. ఆ మంటపములు ఒకింత ఆడంబరముగా ఉన్నవని మా అభిప్రాయము. కాని జనులు రాని ఉద్యానమును నగరము ఎంతోకాలము ఉండనీయదు గనుక వానిని తప్పుపట్టలేము. కొలది ఏండ్లలోనే మడ దట్టమై, చేపలు, పక్షులు తిరిగివచ్చెను. యు కోంగ్‌జియాన్ 2025 సెప్టెంబరులో బ్రెజిల్ దేశపు పంటనాల్ చిత్తడినేలలపై జరిగిన విమాన ప్రమాదమున మరణించెను. నీటిని గురించిన చలనచిత్రము తీయుటకే అచ్చటికి వెళ్లియుండెను.

ఇట్టి పని మన దేశమున పెద్ద పేర్లు లేకయే జరిగినది. తమిళనాట పిచ్చావరము అడవిలో పూర్వము వంతులు వేసి మడచెట్లను కొట్టివేసిన చోట్ల, నేల ఎండకు ఆరి, క్రుంగి, పళ్లెమువలె పల్లమాయెను. పోటున వచ్చిన నీరు అందులోనే నిలిచి ఆవిరియై, ఉప్పు మిగిలి, పడిన గింజ మొలవదాయెను. చెన్నపట్టణములోని ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు 1990 తరువాతి ఏండ్లలో దీనిని గుర్తించి, నడుమ ఒక పెద్ద కాలువ, దానికి ఇరువైపుల ఏటవాలుగా చిన్న కాలువలు, అచ్చముగా చేపముల్లు ఆకారమున త్రవ్వించిరి. నీరు వచ్చిపోసాగెను, మడ మొలచెను. తరువాత అదే పద్ధతిని అటవీశాఖతోను, గ్రామస్థులతోను కలిసి గోదావరి, కృష్ణా మొగలకు తెచ్చిరి. సాన్యా శిల్పి కాగితముపై గీసిన చేతివ్రేళ్లును, మన పల్లెవారు పారతో గీసిన చేపముల్లును చెప్పునది ఒక్కటే. ఒక్క భేదము కలదు: చేపముల్లు కాలువలు ఒండ్రుతో పూడుచుండును; పూడిక తీయుట మానినచో కథ మొదటికి వచ్చును.

కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. బర్మాలో తెలుగువారిని కోరంగీలని పిలిచిరన్న ఆ పేరు ఈ రేవుదే. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టెను. మడ అడవి ఉప్పెనను ఆపునని మేము చెప్పము. దాని ఉరవడిని తగ్గించును. 1978లో అభయారణ్యమై, 235 చదరపు కిలోమీటరుల మేర కోరంగి నేడు రక్షణలో ఉన్నది. కాని రక్షణ గీతకు వెలుపల, కాకినాడ నగరపు అంచున, 2020లో ఇండ్ల స్థలముల కొరకు మడను కొట్టి నేలను పూడ్చగా, ఆ వ్యవహారము జాతీయ హరిత న్యాయస్థానము వరకు వెళ్లినది. ఇండ్లు లేనివారికి ఇండ్లు కావలెననుటలో సందేహము లేదు. ఆ పేదల ఇండ్లు ఉప్పెనకు ఎదురుగా, మడ కొట్టిన పల్లములో ఉండవలెనా అన్నదే ప్రశ్న. సాన్యావారు మొదట పూడ్చి, గోడ కట్టి, తరువాత ఎంతో ధనము పోసి, 10 హెక్టారుల మేర దానిని విప్పుకొనిరి. మనకు ఇంకను విప్పనక్కరలేని నేల చాల మిగిలియున్నది.

కాకినాడ నుండి యానాము పోవు దారిలో కోరంగి వద్ద అడవిలోనికి చెక్కబాట కలదు. సెలవుదినములలో అచ్చటికి పోవు కుటుంబములు పోటుపాటుల వేళ ముందుగా పల్లెకారులను అడిగి పోవుట మేలు. పోటు వేళ పోయినచో నీటిలో నిలిచిన కొమ్మలు మాత్రమే కనిపించును. ఆటు వేళ పోయినచో బాటకు రెండు ప్రక్కల వేలకొలది ఊపిరివేళ్లు, వాటి నడుమ పీతల కన్నములు, నీరు దిగిపోవుచున్న సన్నని కాలువలు కనబడును.